చొక్కాలమ్మ

"చొక్కా విప్పు నాయనా!"

షిఫ్టు దిగి గేటు దాటుతున్న రేకుల కటింగ్ ఆపరేటర్ ఉలిక్కిపడ్డాడు. అతను పనిలో చేరి వారమే అయింది.

ఎదురుగా ఓ ముసలావిడ. పక్కన నీళ్ళ బకెట్.

"ఎందుకమ్మా?"

"ఈ దుమ్ముతో ఇంటికి పోకు. ఇక్కడే బకెట్లో ముంచేసి, వేరేది తొడుక్కుని పో."

వెనక వస్తున్నవాళ్ళు గొల్లుమన్నారు.

"విప్పరా బాబూ, సిగ్గెందుకు? మన చొక్కాలమ్మ ఎవర్నీ వదలదు!" అన్నాడు ఫోర్‌మన్.

"ఉతికే పని ఇస్తారేమోనని ఆవిడ ఆశ," అన్నాడు ఇంకొకడు.

ఆపరేటర్ కూడా నవ్వేసి సైకిలెక్కాడు. సిమెంటు రేకులు కోస్తే దుమ్ము రాక పన్నీరు కురుస్తుందా? ముక్కుకి ఓ గుడ్డ మాస్కు ఇచ్చి కంపెనీ ఎప్పుడో చేతులు దులుపుకుంది.

ఇంటికెళ్ళగానే నాలుగేళ్ళ కూతురు "నాన్నా!" అంటూ వచ్చి చుట్టేసుకుంది. భార్య అతని చొక్కా తీసుకెళ్ళి గుమ్మంలో టపటపా దులిపింది. ఆ తెల్లటి పొడిలో పాప గెంతులేసి, గట్టిగా తుమ్మింది. ముగ్గురూ నవ్వుకున్నారు.

రోజూ ఇదే వరస.

ఓ సాయంత్రం చొక్కాలమ్మ ఏకంగా అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లో పిల్లలున్నారా?"

"కూతురుంది. అయితే ఏంటంట?"

"నీకు దణ్ణం పెడతా నాయనా..." దగ్గు తెర ఆవిడని మాట్లాడనివ్వలేదు.

"పెద్దదానివని ఊరుకుంటున్నా. ముందు చెయ్యి తియ్యి!" విదిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే ఎక్స్‌రే వ్యాన్ వచ్చింది. వరసలో చివర చొక్కాలమ్మ కూడా నిలబడింది. "ఇది పనివాళ్ళకే!" అని ఫోర్‌మన్ కసిరాడు. "ఉండనివ్వండి," అంది డాక్టరమ్మ.

పదిరోజుల తర్వాత డాక్టరమ్మ ఫిల్ములతో వచ్చింది.

"మీ అందరివీ ప్రస్తుతానికి ఫర్వాలేదు. కానీ ఇది చూడండి." ఓ ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "ఊపిరితిత్తులు గట్టిపడి రాయైపోయాయి. రేకుల్లో కలిపే రాతినార, అదే ఆస్బెస్టాస్, దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తేనే ఇలా అవుతుంది. ఆ పెద్దావిడది. ఎక్కడున్నారు?"

అప్పుడు గానీ ఎవరికీ గుర్తు రాలేదు, బకెట్ నాలుగు రోజులుగా గేటు పక్కన బోర్లించే ఉందని.

"మొన్న మంగళవారం పోయిందమ్మా," అన్నాడు ముసలి వాచ్‌మన్, కళ్ళు తుడుచుకుంటూ.

"అయ్యో! ఇక్కడ ఏ సెక్షన్‌లో చేసేవారు?"

"ఏ సెక్షనూ కాదమ్మా. ఆవిడ ఏనాడూ ఈ గేటు లోపల అడుగు పెట్టలేదు. కటింగ్‌లో పనిచేసింది వాళ్ళాయన."

"మరి ఈవిడకెలా?"

నిన్న సాయంత్రం విప్పి భార్యకిచ్చిన చొక్కా ఆపరేటర్ కళ్ళ ముందు ఆడింది.

"ముప్ఫై ఏళ్ళు గుమ్మంలో నిలబడి ఆయన చొక్కాలు దులిపిందమ్మా... అంతే."