మరక చుట్టూ గీత

"ఇయ్యాల ఈ నూనె కారుడు ఆగాలె. లేకుంటే బండిని తీస్కపోయి కాగ్నా వాగుల తోసేస్త," అన్నాడు శంకరప్ప కారు కింద నుంచి. బయటికి అతని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

తాండూరు స్టేషన్ ముందు కిరాయి కార్ల అడ్డా అది. బండ్లు బాగుచేసే మేస్త్రీ జనార్దన్ పక్కనే గొంతుక్కూర్చుని తాపీగా బీడీ ముట్టించాడు.

"నిజాం జమానా బండి కాకా. చుక్క చుక్క కారకుంటే దానికి తోచది. ఇంకో సీసెడు నూనె పోస్కో, అయిపాయె. ఇన్నేండ్ల సంది లేని ఫికర్ ఇప్పుడెందుకు?"

శంకరప్ప పాక్కుంటూ బయటికొచ్చాడు. గడ్డం నిండా నల్లనూనె. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎవ్వరికి చెప్పనంటే చెప్త. వికారాబాద్ కిరాయి తగిలినప్పుడల్ల నా బిడ్డ ఇంటి ఎదురుంగ బండి ఆపుతున్న. కట్టెల అడితి గోడ పక్కన. పొద్దుగూకినంక, లైట్లు బందు చేసి. తలుపుల నుంచి దీపం వెలుగుల కాశమ్మ జరసేపు కనపడ్తది. మనుమడు గూడ కనపడ్తడు. చూసి ఒస్త."

జనార్దన్ నోట్లోంచి బీడీ తీశాడు. "నీ బిడ్డ ఆ కిరస్తానపు ఏసుదాసును చేసుకున్ననాడు, 'నీ గడప తొక్కితే నేను శంకరప్పనే గాదు' అని గంతమంది ముంగట అంటివి గద కాకా?"

"గడప యాడ తొక్కిన? రోడ్డు మీదనే ఆగుతున్న," అన్నాడు శంకరప్ప రోషంగా. కోపంలో మాట అనడం ఎంతసేపు. కడుపున పుట్టినదాన్ని చూడకుండా ఉండడమే అతని వల్ల కాలేదు. "సంగతి అది గాదు. ఆ నడుమ పోతే, నేను ఆగే కాడ పడ్డ నూనె మరక చుట్టూ తెల్లగ గీత గీసి ఉన్నది. మసక వెలుగుల కండ్లతోని చూసిన. నిన్న పోతే కొత్త మరకకు ఇంకో గీత."

"పోలీసోళ్లు గట్లనే గీస్తరు."

"పోలీసోడు గాదు. ఆ ఏసుదాసు పనే." అల్లుడు అనే మాట అతని నోటికి ఇంకా రాదు. "నేనొచ్చిన గుర్తుకు నిషాని పెడ్తున్నడు. ఒకనాడు దొరకపట్టి, 'ఏం మామా, గడప తొక్కనంటివి, దొంగోని లెక్క చీకట్ల కూసున్నవేంది' అని నలుగుర్ల నవ్వుతడు. అంతకన్న నేను సచ్చుడు నయం."

"అయితే పోవుడు బందు చెయ్యి."

శంకరప్ప చూసిన చూపుకు జనార్దన్ బీడీ పారేసి పానా అందుకున్నాడు.

"పోవుడు బందు గాదు," అన్నాడు శంకరప్ప. "కారుడు బందు గావాలె."

ముందు బోల్టులన్నీ బిగించారు. నున్నగా పాలిష్ పెట్టిన బండ ఒకటి తెచ్చి కారు కిందికి తోశారు. చాయ్ తాగి వచ్చేసరికి బండ నడుమ నల్లటి చుక్క. సబ్బు పిసికి అంచుల్లో కూరారు. ఇంజన్ వేడెక్కగానే సబ్బు కూడా కరిగి నూనెతో పాటే జారింది.

"ఇగ చాలు కాకా," అన్నాడు జనార్దన్.

శంకరప్ప వింటేనా. నూనె మొత్తం డబ్బాలోకి దించి, ఇంజన్ అడుగున ఉండే చాంబర్‌నే ఊడదీయడానికి పూనుకున్నాడు. తుప్పు పట్టిన బోల్టులు మొరాయించాయి. పానా జారి వేళ్లు చీరుకుపోయాయి. గుడ్డపేలిక చుట్టుకుని మళ్లీ దూరాడు. చివరికి చాంబర్ ఊడి వచ్చింది. మధ్యలో ఉండాల్సిన ప్యాకింగ్ ఎండిపోయి, ముట్టుకుంటే అప్పడంలా విరిగింది.

"నా ఇజ్జత్ తీసింది ఇదే," అన్నాడు ఆ ముక్కను పట్టుకుని.

చాంబర్‌ను గాసునూనెతో కడిగారు. బెండుతో కొత్త ప్యాకింగ్ కోసి, లక్క పూసి అతికించి, బోల్టులు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చారు. కొత్త నూనె పోసి, బండ తుడిచి మళ్లీ కారు కిందికి తోశారు. సాయంత్రం దాకా ఇంజన్ తిప్పి ఆపాక శంకరప్ప బండ మీద అరచేయి వేసి రాశాడు. చేతికి ఏమీ అంటలేదు.

ఆ తర్వాత వికారాబాద్ కిరాయిలు వరసగా తగిలాయి. గుట్ట మీది దవాఖానలో రోగులను దింపడం, తిరుగుదారిలో అడితి గోడ పక్కన ఆగడం, కళ్ల నిండా చూసుకుని రావడం. నేల మీద చుక్క లేదు, కొత్త గీత లేదు. పాత గీతలు కూడా బండ్ల రాకపోకలకు చెరిగిపోయాయి.

"ఇప్పుడు గీయమను," అంటూ జనార్దన్ ముందు మీసం దువ్వాడు.

ఒక మధ్యాహ్నం హైదరాబాద్ వైపు నుంచి ప్యాసింజర్ వచ్చి ఆగింది. చంకలో పిల్లవాడితో ఒక ఆడమనిషి స్టేషన్ గేటు దాటి అడ్డా వైపు పరుగులాంటి నడకతో వచ్చింది. కాశమ్మ. కారు తుడుస్తున్న తండ్రిని చూసి ఉన్నచోటే ఆగిపోయింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మంచిగనే ఉన్నవా నాయినా?"

శంకరప్ప చేతిలో గుడ్డ జారిపోయింది. "నాకేమైతది బిడ్డా?"

"వారం దాటె, మరక పడక. జరమొచ్చెనో, బండి యాడన్న బోర్ల పడెనో అని పానం ఆగలె." వంగి కారు కిందికి చూసింది. "బాగు చేయించినవా? చిన్నప్పటి సంది మన వాకిట్ల ఈ మరక కడిగింది నేనే గద నాయినా. నీ బండి మరక నాకు ఎరుక గాదా?"

శంకరప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మనవడి కాలు పట్టుకుని తల వంచుకున్నాడు. అయినా మొండి మనిషి కదా, అడగకుండా ఉండలేకపోయాడు.

"మరి ఆ గీతలు? నీ మొగడు గీసినవి?"

"ఆయనకేం ఎరుక," అంది కాశమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఆళ్లింట్ల వాకిట్ల ముగ్గు ఎయ్యరు నాయినా. నువ్వు వచ్చిపోయిన కాడనే ఏస్కుంటున్న."