తలుపు దగ్గర ప్రార్థన

రైల్వే ఇనుము ఎత్తుకుపోయే ముఠా గురించి రెండు నెలలుగా మా పేపరుకి కథనం రాస్తున్నాను. నాకున్న ఒకే ఒక్క సాక్షి నిమాయి. అతన్ని గోల్‌బజార్‌లో ఒక బట్టలకొట్టు మీది గదిలో దాచాను. ఆ చోటు మా అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ రాత్రి ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని మా క్వార్టర్‌లో ప్రార్థన కూటం. అందరం కళ్ళు మూసుకున్నాక కరెంటు పోయింది.

"కళ్ళు తెరవకండమ్మా. సీకటైతే ఏటి, దేవుడికి కనబడమా?" అన్నారు పాస్టరుగారు.

ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తున్నారు.

"నా కూతురు రాసే రాతల వల్ల దానికేటీ కీడు రానీకు తండ్రీ," అని అమ్మ ముగించింది.

అప్పుడు తలుపు దగ్గర, మా కూటంలో ఎన్నడూ వినని మగగొంతు నెమ్మదిగా మొదలైంది.

"ప్రభువా, బట్టలకొట్టు మీది గదిలో దాక్కున్న నిమాయిని జ్ఞాపకం సేసుకో. ఆడి పెళ్ళానికి, ఇద్దరాడపిల్లలకి ఆదరణ దయసెయ్యి తండ్రీ."

మాలో అలా ఆదరణ అడిగేది చావు జరిగిన ఇంటికోసమే. గంట కిందటే నిమాయికి అన్నం ఇచ్చి వచ్చాను. కూతుళ్ళ ఫొటో చూపించి నవ్వాడు.

చీకట్లో తలుపు కిర్రుమంది.

"ఆమెన్," అన్నారందరూ.

అలవాటుకొద్దీ నా నోరు కూడా ఆ మాట అనేసింది.