గాలి ఎక్కువైన బండి

కొత్త కోడలు ఎక్కితేనే బండి ఆగిపోతోందని పక్కింటావిడ పంపు దగ్గర అందట. కుర్రాడు ఒంటరిగా పోతే గుర్రంలా ఉరికే బండి, ఆ పిల్ల వెనక కూర్చుంటే చాలు, ఇళ్ళు దాటగానే దగ్గి చతికిలబడుతోందట. "పాదం మరి" అని నిట్టూర్చి బకెట్ ఎత్తుకుందట. ఆ మాట వీధంతా తిరిగి అత్తగారి చెవిన పడేసరికి, ఆ పిల్లని పుట్టింటికి పంపేస్తున్నారట అన్నంత దూరం వచ్చింది.

అత్తగారు పాదాల్ని నమ్మే మనిషి కాదు. అలాగని బొత్తిగా నమ్మని మనిషీ కాదు. ఆదివారం పొద్దున్నే కొడుకునీ, కోడల్నీ, బండినీ నడిపించుకుంటూ మెకానిక్ షెడ్డుకి పట్టుకొచ్చింది.

"తప్పు బండిదో కోడలిదో ఇవాళ తేలిపోవాలి. ఈసారి కూడా ఆగిందంటే బండి అమ్మేస్తాం. ఇద్దరూ బస్సులో పోతారు పనికి."

కొడుకు గబుక్కున బండి హ్యాండిలు పట్టుకున్నాడు. ఆ బండి వాడి ప్రాణం. కంపెనీ సైలెన్సర్ పీకేసి లావుపాటి గొట్టం పెట్టించుకున్నాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి పారేసి, గాలి నేరుగా పీల్చే జల్లెడలాంటిది బిగించుకున్నాడు. అప్పట్నించీ బండి వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో గిన్నెలు అదురుతున్నాయి.

మెకానిక్ అప్పటికే రెండుసార్లు ఆ బండికి వైద్యం చేశాడు. ప్లగ్గు విప్పి ఎండలో పెట్టి చూపించాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"గాలి బండెడు, పెట్రోలు చారెడు పిన్నిగారూ. గాలి ఎక్కువ పీలుస్తోంది, పొగ తేలిగ్గా వదిలేస్తోంది, పెట్రోలు మటుకు పాత కొలతే అందుతోంది. కూడు తగ్గించి చాకిరీ పెంచితే మనిషైనా కూలబడతాడు. ఒక్కడే వెళ్తే ఎలాగో లాగుతుంది, వెనక బరువు పడితే చాలడం లేదు. మీ కోడలి పాదం కాదు, బరువు."

"చీపురుపుల్లలా ఉంటుంది, దానికి బరువేమిటి? బరువంటే నేను."

ఆ మాట కాదనడానికి అక్కడెవరికీ ధైర్యం చాలలేదు. మెకానిక్ కార్బ్యురేటర్ విప్పి, పెట్రోలు ఎక్కువ అందేలా ఇంకాస్త పెద్ద రంధ్రం ఉన్న జెట్టు వేశాడు. గొట్టం అతుకు దగ్గర గాలి కారకుండా కొత్త వాషరు పెట్టి బిగించాడు. అత్తగారినే వెనక ఎక్కించి పంపాడు. కల్వర్టు మలుపు దాటి, రైలు గేటు దాకా వెళ్ళి, ఎక్కడా దగ్గకుండా తిరిగొచ్చారు. ప్లగ్గు మళ్ళీ విప్పి చూస్తే ఇటుక రంగులోకి తిరిగింది. అదీ ఉండాల్సిన రంగు.

అత్తగారు దిగి చెవిలో వేలు పెట్టుకుని తిప్పుకుంది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కొడుక్కి మంచీ చెడూ చెప్తూనే ఉందట. వాడికి ఒక్క ముక్క వినపడి చస్తే కదా అంది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, ఇన్నాళ్ళూ దారిలో ఆగినప్పుడు ఏం చేసేవారని కుర్రాణ్ణి అడిగాడు.

"ఏం చేస్తాం అన్నా? ప్లగ్గు తీసి తుడుస్తా. ఇంజను చల్లారేదాకా కల్వర్టు మీద కూర్చుంటాం. ఈమె ఏదో అడుగుతుంది, నేనేదో చెప్తా. ఈమె చెప్పులు సర్దుకుని లేచి వచ్చేసరికి చల్లారిపోయుంటుంది. రెండు తన్నులకి అందుకుంటుంది."

కోడలు అంతసేపూ పాత టైరు మీద కూర్చుని ఉంది. పాదం గురించి ఇంతమంది ఇన్ని మాటలంటున్నా తనది కానట్టే విన్నది. ఇప్పుడు లేచింది.

"ఇక దారిలో ఎక్కడా ఆగదా అన్నయ్యా?"

పాపం బిడ్డ ఎంత బెంగపడిందో అనుకున్నాడు మెకానిక్.

"ఆగితే ఈ షెడ్డు తాళం నీ చేతికిస్తా తల్లీ. నిశ్చింతగా ఎక్కు."

ఆమె తలూపింది. మొగుడు హెల్మెట్ పెట్టుకుంటుంటే, పడిపోకుండా ఒక చెయ్యి ట్యాంకు కింద ఆనించి, వంగి రబ్బరు చెప్పులు సర్దుకుంది. ఎక్కింది.

బండి చప్పుడు షెడ్డు రేకుల్ని అదిరించి సాగిపోయింది. మలుపు దాకా వినపడుతూనే ఉంది. అక్కడ టపటపమని రెండు పేలుళ్ళు. తర్వాత కాకుల అరుపులు తప్ప ఇంకేం లేదు.

అత్తగారు మెకానిక్‌ని చూసింది. మెకానిక్ మేకుకి వేలాడుతున్న తాళం చూశాడు. స్కూటరు తీశాడు. ఆవిడ వెనకెక్కింది.

వెళ్ళేసరికి ఇద్దరూ కల్వర్టు మీద కూర్చుని ఉన్నారు. కుర్రాడు ప్లగ్గు తుడుస్తూ, పనిలో తన మేస్త్రీ ఎలా అరుస్తాడో గొంతు మార్చి చూపిస్తున్నాడు. కోడలు మోకాలి మీద గడ్డం ఆనించి నవ్వుతోంది. వీళ్ళని చూసి లేచి నిలబడ్డారు.

"అయితే పాదమే" అంది అత్తగారు. గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది.

మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. గొట్టం చూశాడు, జల్లెడ చూశాడు. ట్యాంకు కింద చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయాడు.

"పెట్రోలు ట్యాపు కట్టేసి ఉందేమిటి తమ్ముడూ? కార్బ్యురేటర్లో మిగిలిన చుక్కలతో ఇక్కడిదాకా లాగింది."

"నేను దాన్ని ముట్టుకోను అన్నా. కొన్ననాటి నుంచీ తెరిచే ఉంటుంది."

"మరెవరు కట్టారు?"

కోడలు చెప్పులు సర్దుకోబోయి, ఆగి, తలెత్తి చెప్పింది.

"బండి ఆగితేనే కదా ఈయన నాతో మాట్లాడేది."