తాబేలు విన్న చప్పుడు

మడుగు ఒడ్డున బాతు గుడ్డు కనిపించకుండా పోయింది. అందరూ ముంగిసనే అనుమానించారు. నేరం రుజువైతే అది అడవి వదిలి పోవాల్సిందే.

“కళ్లారా చూశాను దొరా! మూడు గుటకల్లో మింగి, ఎడమకాలితో మూతి తుడుచుకుంది,” అని నక్క గడగడా సాక్ష్యం చెప్పింది.

తీర్పు చెప్పే ముసలి ఏనుగు తాబేలు వైపు తిరిగింది. “నువ్వేం చూశావమ్మా?”

“చూడలేదు తాతా. తుంగలోకి ఏదో దొర్లిన చప్పుడు విన్నాను. అదేమిటో నాకు తెలియదు.”

“ఇదీ ఒక సాక్ష్యమేనా?” అని నక్క నవ్వింది.

“తెలియనిది తెలియదంది. అందుకే విన్నానన్న మాట నమ్ముతున్నాను,” అంటూ ఏనుగు తుంగంతా వెతికించింది. గుడ్డు చెక్కుచెదరకుండా దొరికింది. నక్క మెల్లగా జారుకుంది.

బాతు సిగ్గుతో తలదించుకుంది. “నిన్ను అనుమానించాను తమ్ముడూ, ఏమీ అనుకోకు.”

“అదంతా తర్వాత అక్కా. ముందు గుడ్డు మీద కూర్చో, చల్లబడిపోతుంది,” అంది ముంగిస.