ఎడమ జేబు

"ఎడమ చెయ్యి జేబుల పెట్టుకొమ్మని ఉప్పలయ్యకు ఎన్నిసార్లు చెప్పిన చెల్లె! వినకపాయె," అన్నాడు ఉమామహేశ్వర్.

వెంకటనర్సమ్మ పాత గిటార్ యాంప్లిఫయర్‌ని నాచారంలోని అతని గదిలో దించింది. ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే ఆమె భర్త ఉప్పలయ్య, దీన్ని బాగుచేస్తూనే షాక్ కొట్టి చనిపోయాడు. గాజు వాల్వులుండే ఇలాంటి పాత సెట్ల పిచ్చి అతనికి అంటించింది ఉమామహేశ్వరే. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. అందుకే ఒక చెయ్యి జేబులో ఉండాలి.

"పెట్టుకున్నడన్నా," అందామె. "జేబు చినిగి ఏలాడుతుండె. ఎవరో చెయ్యి బయటికి గుంజినట్టు. నువ్వేమో సావుకాడ అందరి ముంగట ఆయనకు తెలివి లేదన్నవ్."

అతను సెట్టుని బల్ల మీదికి ఎత్తిపెట్టాడు.

"బాగ జెయ్యి. అమ్ముకుంట," అని వెళ్ళిపోయింది.

ఉప్పల్ వైపు ఆఖరి బస్సు పోయాక వీధి సద్దుమణిగింది. ఉమామహేశ్వర్ సెట్టు విప్పి ప్లగ్గు పెట్టాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. స్పీకర్లో సన్నగా గుయ్యిమనే మోత మొదలైంది. ఎడమ చెయ్యి జేబులోకి తోసి, కుడిచేత్తో మీటరు వైరు లోపల ఆనించాడు.

"తెలివిలేనోడు," అని గొణిగాడు.

మోత ఆగిపోయింది. వాల్వులు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

జేబులో అతని చేతిని ఎవరో పట్టుకున్నారు. తీగలు నొక్కీ నొక్కీ కాయలు కాసిన వేళ్ళు. కుడిచెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. రాలేదు.

ఆ నిశ్శబ్దంలో జేబు కుట్లు ఒక్కొక్కటిగా తెగడం అతనికి వినిపించింది.