మెట్ల మలుపు

“లిఫ్టులో పట్టదు వదినా. నిలబెడితేనే పడుతుంది,” అన్నాడు మరిది.

“నిలబెట్టొద్దు.”

“కొంచెం వంచితే...”

“వంచొద్దు. తాళ్ళు కట్టి బాల్కనీలోంచి దించడాలూ వద్దు. పడుకోబెట్టే దించాలి. మెట్ల మీదుగా.”

మరిది పక్కకు జరిగాడు. ఇలాంటి విషయాల్లో ఆమెకు ఎదురు చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఫర్నిచర్ షాపులో ఆమె ఉద్యోగమే అది. సోఫా కొన్నవాళ్ళ ఇంటికి ముందుగా వెళ్ళి, గుమ్మాలూ మెట్లూ కొలిచి, సరుకు లోపలికి వెళుతుందో లేదో తేల్చి చెప్పాలి. ఆమె వెళుతుందంటే వెళ్ళినట్టే. ఎవరి గోడకూ ఇంతవరకు గీత పడలేదు.

తన ఇంటి మెట్లను మాత్రం ఆమె ఎప్పుడూ కొలవలేదు. రోజూ ఎక్కి దిగే మెట్లను ఎవరు కొలుస్తారు?

షాపు నుంచి లోడింగ్ వాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళలో పెద్దవాణ్ణి అందరూ గూడ్సుబండి అంటారు. మనిషి భారీ, నడక నిదానం, నోరు మాత్రం ఎక్స్‌ప్రెస్. బరువెత్తితే చాలు, ఏదో ఒక జోకు పేల్చందే అడుగు వెయ్యడు. ఇవాళ గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నువ్వెలాగంటే అలాగే అక్కా,” అన్నాడు.

ఆమె టేపు తీసి గుమ్మం కొలిచింది. నడవా కొలిచింది. మెట్ల వెడల్పు కొలిచింది. దించాల్సిన పొడవు కొలవలేదు. ఆ కొలత ఆమెకు కంఠతా వచ్చు.

“కాసేపు కూర్చో వదినా. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నావు.”

“తర్వాత.”

హాల్లో కర్టెన్ తీసి పక్కన పడేసి, దాని రాడ్డు ఊడదీసింది. లాగితే సాగే రకం. తనకు కావలసిన పొడవు వచ్చాక మర బిగించింది. దాన్ని అడ్డంగా పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

పెద్ద చిక్కును మొత్తంగా చూస్తే బుర్ర పనిచెయ్యదు. ముక్కలు చేసుకోవాలి. గుమ్మం ఒక ముక్క. నడవా ఒక ముక్క. పై మెట్లన్నీ కలిపి ఒక ముక్క. అవన్నీ సాఫీగా అయిపోయాయి. ఏ ముక్కకు ఆ ముక్క ఆలోచిస్తూంటే మిగతాదేదీ గుర్తు రావడం లేదు. అదీ బాగానే ఉంది.

మొదటి అంతస్తు మలుపులో రాడ్డు ఇరుక్కుంది.

రెయిలింగు పైనుంచి దాటిద్దామంటే అక్కడ రెయిలింగే లేదు. రెండు పక్కలా గోడే. ముందు కొస దించి చూసింది. వెనక కొస లేపి చూసింది. తిరగేసి ఆలోచించింది. వీధిలోంచి పైకి తేవాలంటే ఎలా తెస్తాం? ఈ ఇంట్లో చేరినప్పుడు మంచం విప్పి తెచ్చారు. బీరువాను తాళ్ళతో బాల్కనీలోకి లాగారు. అవి రెండూ ఇప్పుడు పనికి రావు.

“జానెడు చాలడం లేదక్కా,” అన్నాడు గూడ్సుబండి పై మెట్టు మీదనుంచి.

“జానెడు కాదు, మూరెడు.”

ఇంకోసారి తిప్పింది. రాడ్డు కొస ఎదురుగా ఉన్న తలుపుకు ఠక్కున తగిలింది.

ఎవరో తలుపు కొట్టారనుకుని కింది వాటా ఆయన ఒక రెక్క తెరిచాడు. కొస ఆయన గుమ్మంలోకి దూరింది. వెనక కొస గోడను వదిలింది. ఆమె చేతులు వాటంతటవే తిప్పాయి. రాడ్డు మలుపు తిరిగిపోయింది.

అప్పుడు ఆమె ఆయన ముఖంలోకి చూసింది. పూలకుండీల నీళ్ళు కింద పడుతున్నాయని మొదలైన గొడవ. ఆ రెండిళ్ళకూ మాటల్లేక చాలా కాలమైంది.

“ముందు వైపు మీ హాల్లోకి రావాలండీ,” అంది. “నాలుగడుగులు చాలు. తిప్పుకుని వెంటనే వెనక్కి తీసేస్తాం.”

“మా ఇంట్లోకా?”

“వేరే దారి లేదు.”

లోపలినుంచి ఆయన భార్య వచ్చి భుజం పట్టుకుంది. “వద్దండీ. మనింట్లోకి వద్దు.”

“మా గడప తొక్కనని మీ ఆయన నలుగురిలో అన్నాడు,” అన్నాడాయన.

“అన్నారు.”

ఆయన తలుపు వేసేశాడు.

ఆమె అక్కడే నిలబడింది. కోపం రాలేదు. ఏమీ రాలేదు. గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు చూస్తూ, ఇంకా చూడని ముక్క ఏదైనా మిగిలిందా అని ఆలోచించింది. కింద వీధిలో వ్యాన్ డ్రైవరు హారన్ మీద చెయ్యి వేసి, సగంలో ఆపేశాడు.

తలుపు అవతల బరువైనదేదో ఈడుస్తున్న చప్పుడు.

ఈసారి రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. సోఫా గోడకు చేరింది. టీపాయి లేదు. టీవీ ఆపేసి ఉంది.

“తీసుకురండి,” అన్నాడాయన. “నేనూ ఓ చెయ్యి వేస్తాను.”

ఆమె ముందుండి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ దారి చెప్పింది. “ముందు దించండి. వెనక లేపండి. ఆగండి. ఇప్పుడు లోపలికి. ఇంకాస్త. చాలు, తిప్పండి.” తిరిగేటప్పుడు బరువంతా ఒక్క క్షణం కింది వాటా ఆయన భుజం మీదే పడింది. ఆయన వదల్లేదు.

గోడకు ఎక్కడా తగల్లేదు.

వ్యాన్‌లోకి ఎక్కించాక గూడ్సుబండి చేతులు దులుపుకోలేదు, చెమట తుడుచుకోలేదు. “గీత పడకుండా దించావక్కా,” అన్నాడు ఎటో చూస్తూ.

ఆమె తల ఊపింది. తర్వాతి ముక్క ఏమిటో ఆమెకు తోచలేదు.

“వదినా, వ్యాన్ తలుపు వేసేముందు అన్నయ్య ముఖం ఒక్కసారి చూసుకో,” అన్నాడు మరిది.