ముందు నువ్వెళ్లు అక్కా

ఆ రోజు పందెం ముగింపు గీత ఇంకో రెండు ఇసుక దిబ్బల అవతల ఉందనగా తూద ఉన్నట్టుండి బండి ఆపేసింది. బండికి ఏమీ కాలేదు. పెట్రోలు ఉంది, చక్రాల్లో గాలి ఉంది, నడిపే మనిషి నిక్షేపంలా ఉంది. అయినా కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, బండి గొలుసులో లేని లోపాన్ని శ్రద్ధగా వెతకడం మొదలుపెట్టింది.

పొద్దున బయల్దేరేటప్పుడు అన్న హమ్మద్ చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు, ఇవాళ మాత్రం అందరికంటే ముందు చేరొద్దని. ఇవాళ ముందు చేరినవాళ్లే రేపు, ఆఖరి రోజున, ముందు బయల్దేరాలి. వాళ్లకి ఇసుకలో చక్రాల జాడ ఉండదు, దారి వెతుక్కుంటూ పోవాలి. వెనకాల వచ్చేవాళ్లు ఆ జాడ పట్టుకుని హాయిగా వచ్చి దాటేస్తారు.

కొన్ని రోజుల పాటు సాగే ఈ ఆడవాళ్ల ర్యాలీలో అన్ని రోజుల సమయమూ కలిపి చూస్తారు. గెలిచినామెకు కొత్త మోటార్‌సైకిల్ ఇస్తారు. తూద నడుపుతున్నది అన్న బండి. ర్యాలీ అయిపోగానే అతను దాని మీద ఖర్జూరం బుట్టలు కట్టుకుని సంతకు పోవాలి. సొంత బండి ఒకటి ఉండాలని తూద ఎన్నేళ్లుగా ఆశపడుతోందో వాళ్ల ఊరు ఎర్రషీదియాలో తెలియనివాళ్లు లేరు.

ఇంతలో వెనకనుంచి గిజ్లాన్ వచ్చింది. కాసాబ్లాంకా మనిషి. మొత్తం లెక్కలో తూదతో సరిసమానంగా ఉంది. ఆగకుండా వెళ్లిపోతే బాగుండునని తూద మనసులో మొక్కుకుంది. గిజ్లాన్ ఆగింది.

“ఏమైంది అక్కా?”

“గొలుసు వదులైంది. నువ్వెళ్లు.”

“ఎడారిలో తోటిదాన్ని వదిలేసి పోతానా? మా అమ్మ నన్నలా పెంచలేదు.”

గిజ్లాన్ కూడా దిగి గొలుసు తడిమింది. అది బిగుతుగా ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు గానీ, ముందుకు కదలడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా లేరు.

దిబ్బ వారన మేకవెంట్రుకల గుడారం ఒకటుంది. అందులోంచి ఓ అవ్వ బయటికొచ్చి, ఎండలో ఆ నిలబడడమేమిటని కోప్పడి, ఇద్దర్నీ టీకి పిలిచింది. వాళ్లకి కావలసిందీ అదే. రెండో మాట అనకుండా వెళ్లి చాప మీద కూర్చున్నారు.

మూడో స్థానంలో ఉన్న తిత్రిత్ గురించి ఇద్దరికీ బెంగ లేదు. మర్రాకెష్‌లో చదువుకుంటున్న పిల్ల, డొక్కు బండి. నిన్నటికే అరగంట వెనకబడి ఉంది. పైగా పొద్దున్నే ఆమె గొలుసు తెగి దారి పక్కన కూర్చుని ఉండడం ఇద్దరూ చూశారు. ఆగబోతే, మీరెళ్లండక్కా అని చెయ్యి ఊపింది.

అవ్వ పుదీనా టీని నురగ వచ్చేలా ఎత్తునుంచి పోసింది. ఒక గ్లాసు అయింది, రెండోదీ అయింది. మర్యాదకోసం గిజ్లాన్ లేవబోయింది.

“ముందు నువ్వెళ్లు అక్కా, పెద్దదానివి.”

“మా ప్రాంతానికి వచ్చినదానివి నువ్వు. నిన్ను దాటి నేను పోతే బాగుంటుందా?”

మళ్లీ కూర్చున్నారు. అప్పుడే దిబ్బ అవతల ఏదో ఇంజిను చప్పుడైంది. ఇద్దరూ చెవులు రిక్కించారు. అవ్వ పిండి పిసుకుతూ తల కూడా ఎత్తలేదు.

“మా మరిది నీళ్ల పంపు లే. ముసలిది, గొంతు చించుకుంటుంది.”

తరవాత ఆమె నిప్పులు పక్కకి లాగి, కాగిన ఇసుకలో రొట్టె పూడ్చింది. మీకోసం పెట్టిన రొట్టె తినకుండా లేస్తే నా పరువు తీసినట్టే అంది. ఆ మాట తోసేసి ఎవరు లేస్తారు? లేచే ఉద్దేశం అసలే లేనివాళ్లు ఇంకా సుఖంగా కాళ్లు చాపుకున్నారు. రొట్టె తీరిగ్గా కాలింది. ఈలోగా అత్తగార్ల మీద చాడీలు చెప్పుకుంటూ ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. అవ్వ రొట్టె తీసి, ఇసుక దులిపి, సగం వాళ్లకిచ్చి, సగం గుడ్డలో చుట్టి దాచింది. మనవరాలికట.

పొద్దు వాలింది. ఇంకా ఆలస్యమైతే గీత దగ్గర కూర్చున్నవాళ్లు మూటాముల్లె సర్దేస్తారు. చివరికి రాజీకొచ్చి, పక్కపక్కనే, చక్రానికి చక్రం ఆనించినట్టు నడుపుకుంటూ ఇద్దరూ ఒకేసారి గీత దాటారు.

హమ్మద్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ముందు రావద్దన్నానే గానీ, అక్కడే కాపురం పెట్టమన్నానా?”

తిత్రిత్ వచ్చి గంట దాటిందట. ఆ పాత అరగంట పోగా, ఇప్పుడు మొత్తం లెక్కలో పైన ఉన్నది ఆమే. తూదకు కళ్లనీళ్ల పర్యంతమైంది. చేతికందిన బండి టీగ్లాసులో మునిగిపోయింది. అంతలోనే గిజ్లాన్ ఆమె మోచేయి పొడిచి, రేపు ముందు వెళ్లాల్సింది ఆ పిల్లే కదా అని గుర్తుచేసింది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

తిత్రిత్ తన బండి పక్కనే కూర్చుని ఉంది. తూద వెళ్లి ఆమె భుజం తట్టింది.

“రేపు జాగ్రత్త చెల్లీ. జాడ ఉండదు, దారి నువ్వే వెతుక్కోవాలి.”

“వెతకడమెందుకక్కా, అది చిన్నప్పుడు నేను మేకల్ని తోలిన దారే” అంది తిత్రిత్. ఆపైన బండిని ముద్దుగా నిమిరింది. “చప్పుడెక్కువని దీన్ని మా అమ్మమ్మ నీళ్ల పంపు అంటుంది. ఇంతకీ రొట్టెలో నా సగం ఉంచారా?”